బుక్కకో పేరు

మా అంగన్‌వాడీ సెంటర్‌లో నెలకోసారి పిల్లల బరువులు తూస్తాం. దూలానికి ఒక కొక్కెం, దానికి సాల్టర్ కాంటా, కింద నిక్కర్ లాగా కుట్టిన గుడ్డ సంచి. పిల్లల కాళ్లు అందులో దూర్చి వదలగానే కొందరు ఉయ్యాల అనుకుని నవ్వుతారు. ఎక్కువ మంది ఊరంతా వినబడేలా ఏడుస్తారు. ఏడ్చినంతసేపూ ముల్లు ఊగుతూనే ఉంటుంది. ఏడుపు ఆగి, ముల్లు నిలబడ్డాక అంకె రాసుకోవాలి.

నిరుడు దీపావళి వెళ్లిన నెలలో ఒక పిల్లవాడిని ఆ సంచిలో కూర్చోబెట్టాను. వాడు నవ్వలేదు, ఏడవలేదు. చేతులు వేలాడేసి నా మెడలో తాడు వైపు చూస్తూ ఉన్నాడు. ముల్లు ఊగకుండా ఒక్కసారే నిలబడింది. 9 కిలోల 800 గ్రాములు. వయసు రెండున్నరేళ్లు. ఇన్నేళ్లలో అంత తొందరగా నేను ఏ పిల్లవాడి బరువూ రాసుకోలేదు. బుద్ధిమంతుడు అనుకున్నాను. మా ఆయమ్మతో ఆ మాట అన్నాను కూడా.

వాడి పేరు ఇక్కడ రాయను. ఇంట్లో పిలిచినట్టే చిన్నోడు అంటాను.

నేను కోస్గి దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. 21 ఏళ్ల సర్వీసు. ఉద్యోగంలో చేరినప్పుడు మాది మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. బోర్డు మారినా మా ఊరివాళ్ల నోట్లో మాత్రం ఇప్పటికీ పాలమూరే. పాలమూరు అనగానే వలస గుర్తొస్తుందని బయటివాళ్లు అంటారు. మాకు గుర్తు రావడం ఏముంది, ప్రతి ఏడాదీ కళ్ల ముందు జరిగేదే. దీపావళి వెళ్లగానే మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సుకు లెక్క కట్టుకుని పూణెకి, బొంబాయికి బిల్డింగ్ పనులకు బయలుదేరతారు. మళ్లీ ఉగాదికో, తొలకరికో వస్తారు. ఇప్పుడు నీళ్లు వచ్చిన ఊళ్లలో వలస తగ్గింది, అది నిజం. మా ఊళ్లో ఇంకా ఉంది.

వెళ్లేవాళ్లు చంటిపిల్లలను సంకన పెట్టుకుని తీసుకుపోతారు, పాలు తాగే పిల్లలు కాబట్టి. బడి పిల్లలకు కొన్నిచోట్ల సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. ఈ రెండిటికీ మధ్యలో ఉన్నవాళ్లకు, పాలు మానేసి ఇంకా బడికి పోని రెండేళ్లు, మూడేళ్ల పిల్లలకు, అవ్వే దిక్కు. ఆ అవ్వకు మేకలుంటాయి, కూలి ఉంటుంది, మోకాళ్ల నొప్పులు ఉంటాయి.

చిన్నోడి అమ్మానాయినలు పూణె వెళ్లారు. అంతకుముందు ఏడాది వాణ్ని వెంట తీసుకుపోతే సిమెంటు దుమ్ముకు దగ్గు పట్టుకుని రెండుసార్లు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చిందట. అందుకే ఈసారి వాణ్ని, ఐదేళ్ల అక్కను అవ్వ దగ్గర వదిలి వెళ్లారు. తల్లి మంచి కోసమే ఆ పని చేసింది. ఈ మాట ముందే చెప్పాలి. వలస పోయే తల్లులకు పిల్లల మీద ప్రేమ లేదని మీటింగుల్లో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బస్సు కదిలే ముందు ఆ తల్లులు ఎట్లా కూర్చుంటారో చూడనివాళ్లే ఆ మాట అనగలరు.

మూడేళ్లలోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు, 16 గుడ్లు ఇస్తాం. బాలామృతం అంటే వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పిండి. అవ్వ వచ్చి వేలిముద్ర వేసి తీసుకుపోయేది. డిసెంబరులో మళ్లీ తూచాను, 9.8. జనవరిలో 9.7. బరువుల చార్టులో ఆకుపచ్చ, పసుపు, నారింజ అని మూడు పట్టీలు ఉంటాయి. ఆకుపచ్చ అంటే సరిపడా బరువు, పసుపు అంటే తక్కువ, నారింజ అంటే మరీ తక్కువ. చిన్నోడు పసుపులో అడుగున ఉన్నాడు. నారింజ గీతకు వెంట్రుకవాసి దూరం. పిల్లవాడి వయసు పెరుగుతూ బరువు అక్కడే ఆగిపోతే చుక్క తనంతట తానే కిందికి జారుతుంది. తగ్గకపోయినా తగ్గినట్టే.

నేను వెంటనే చేసిన పని అవ్వను తిట్టడం. గుడ్లు ఎవరు తింటున్నారని అడిగాను. మేకలకు పెడుతున్నావా అన్నాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది.

"ఏం జేయాలె టీచరమ్మా, పెడ్తె తింటలేడు. గిన్నె ముందల పెట్టిపోత, నేనొచ్చేదాంక అట్లనె ఉంటది. పోరడు బెంగటిల్లిండు."

బెంగటిల్లిండు. ఆ మాట నేను విన్నాను గానీ చెవిలో వేసుకోలేదు. మా రిజిస్టర్లలో బరువుకు గడి ఉంది, ఎత్తుకు గడి ఉంది, టీకాలకు, గుడ్లకు, ఇప్పుడు ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌కు కూడా అన్నీ ఉన్నాయి. బెంగకు గడి లేదు. గడి లేనిదాన్ని చూడటం మెల్లమెల్లగా మానేస్తాం.

మరునాడు పొద్దున చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. చిన్నోడు గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు స్టీలు గిన్నెలో బాలామృతం జావ, పైన మీగడ కట్టి, ఈగ వాలుతోంది. అవ్వ మోసం చేయలేదు. జావ కాచింది, చల్లార్చింది, పెట్టింది. పెట్టి మేకల దగ్గరికి పోయింది. అక్క సెంటర్‌కు వచ్చేసింది. ఆ జావకు, ఆ పిల్లవాడికి మధ్య మనిషి లేదు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే వాడు నా వైపు కాకుండా వీధి వైపు చూశాడు. ఎవరో రావాల్సి ఉన్నట్టు.

సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి వచ్చింది. మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ చదువుతోంది. రాత్రి రొట్టెలు చేస్తూ చిన్నోడి సంగతి చెప్పాను. తను పిల్లల ఆరోగ్యం పాఠాల్లో ఇలాంటిదే ఒకటి చదివానని ఫోన్ తీసి చెప్పడం మొదలుపెట్టింది. నేను పెనం దించేసి విన్నాను.

అది జర్మనీలో జరిగిన కథ. 1948. యుద్ధం అయిపోయి తిండికి కటకటగా ఉన్న కాలం. ఎల్సీ విడోసన్ అనే బ్రిటిష్ పోషకాహార శాస్త్రవేత్త అక్కడ రెండు అనాథాశ్రమాల్లో పిల్లలను రెండు వారాలకోసారి తూచి రాసింది. ఒక్కోదాంట్లో 50 మంది దాకా, నాలుగేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు. మొదటి ఆరు నెలలు రెండుచోట్లా ఒకటే రేషన్. తర్వాత ఆరు నెలలు ఒక ఆశ్రమానికి మాత్రం అదనంగా రొట్టె, జామ్, నారింజ రసం ఇచ్చారు. ఎక్కువ తిన్నవాళ్లు ఎక్కువ పెరగాలి కదా. పెరగలేదు. అదనంగా తిన్న పిల్లలు తక్కువ పెరిగారు, మామూలు రేషన్ తిన్నవాళ్లే ఎక్కువ పెరిగారు.

ఎందుకో వెతికితే తేలింది ఏమిటంటే, సరిగ్గా తిండి పెంచిన రోజుల్లోనే ఒక వార్డెన్ తిండి పెంచని ఆశ్రమం నుంచి ఈ ఆశ్రమానికి మారింది. ఆమె చాలా కఠినమైన మనిషి. పిల్లలను నిలదీయడానికి ఆమె ఎంచుకునేది అన్నం వేళే. అందరూ బల్లల ముందు కూర్చున్నాక ఒక్కొక్కరి తప్పులు అందరిలో ఎత్తి చూపేది. ఆమె ముగించేసరికి సూపు చల్లారిపోయేది, పిల్లలు బెదిరిపోయి, కొందరు ఏడుస్తూ ఉండేవాళ్లు. ఆమెకు ఇష్టమైన ఎనిమిది మంది పిల్లలు ఉన్నారు. వాళ్లను తనతోపాటే కొత్త ఆశ్రమానికి తీసుకొచ్చుకుంది. వాళ్లు మాత్రం బాగా పెరిగారు. విడోసన్ ఇదంతా 1951లో లాన్సెట్ పత్రికలో రాసింది.

మా అమ్మాయి ఇంకా ఏదో చెబుతోంది. నాకు మాత్రం మా సెంటర్ కనబడుతోంది.

మధ్యాహ్నం అన్నం వేళ. 24 మంది పిల్లలు వరుసగా గోడకు ఆనుకుని. గిన్నెలు పెట్టించి నేను కుర్చీలో కూర్చుని రిజిస్టర్లు ముందేసుకుంటాను. సెక్టార్ మీటింగ్‌కు లెక్కలు కావాలి, ఫోన్‌లో ఫోటోలు ఎక్కించాలి. తల ఎత్తకుండానే కేకలు. తిను. తొందరగా తిను. కింద పోస్తున్నావు. గుడ్డు పక్కకు పెట్టావంటే సూది డాక్టర్‌ను పిలుస్తా. నిన్న కూడా నువ్వే ఏడ్చింది. నేను చెడ్డమనిషిని కాదు. పిల్లలంటే ఇష్టం లేకపోతే ఆ తక్కువ జీతంలో ఈ పనిలో చేరేదాన్నే కాదు. కానీ ఆ వార్డెన్ చేసిందీ, నేను చేస్తున్నదీ ఒకటే పని. అన్నం వేళను పిల్లలకు భయం వేళ చేశాను. ఎన్ని సంవత్సరాల నుంచి అని లెక్క వేసుకోబోయి ఆపేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దీని వెనక శరీరం పని కూడా ఉంది. భయపడ్డ పిల్లవాడికి నోరు ఎండిపోతుంది, ఆకలి చచ్చిపోతుంది. పరీక్ష రోజు పొద్దున మనకు ఇడ్లీ గొంతు దిగనట్టే. అది రోజూ జరిగితే నిద్ర చెడుతుంది. పిల్లలు ఎదగడానికి కావలసిన హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో. ప్రేమ దొరకని ఇళ్లలో పెరిగి, వయసుకు తగ్గ ఎత్తు లేని 13 మంది పిల్లల గురించి 1967లో అమెరికా డాక్టర్లు రాశారట. వాళ్లలో ఆ హార్మోన్ పని తగ్గిపోయినట్టు కనిపించింది. ఆ ఇళ్ల నుంచి మార్చి, చూసుకునే మనుషుల మధ్య ఉంచగానే ఆ హార్మోన్ మందేమీ ఇవ్వకుండానే ఎదగడం మొదలుపెట్టారు. మా అమ్మాయి ఇది చెప్పినప్పుడు నేను అన్నాను, బిడ్డా, ఇది చిన్నోడి అవ్వ ఒక్క మాటలో చెప్పింది కదా, బెంగటిల్లిండు అని.

నన్ను పెంచింది కూడా అవ్వే. మా అమ్మానాయినలు గుజరాత్ వైపు కాలువ పనులకు పోయేవాళ్లు. నాకు అప్పుడు నాలుగేళ్లు ఉంటాయేమో. అమ్మ మొహం గుర్తు లేదు ఆ రోజుల్లో. అవ్వ తొడ గుర్తుంది. నన్ను తొడ మీద కూర్చోబెట్టుకుని జొన్నరొట్టె పాలలో నలిపి తినిపించేది. ప్రతి బుక్కకూ, అంటే నోట్లో పెట్టే ప్రతి ముద్దకూ, ఒక పేరు పెట్టేది. ఇది మీ అమ్మ బుక్క, ఇది నాయిన బుక్క, ఇది మన ఎర్రావు బుక్క, ఇది గోడ మీద పిల్లి బుక్క. అమ్మ బుక్క ఎప్పుడూ ఆఖరున వచ్చేది. అది తినకుండా లేవడానికి లేదు. అమ్మ దూరంగా ఎక్కడో కాలువ గట్టు మీద ఉన్నా, రోజుకు రెండుసార్లు పేరు వినబడేది. అమ్మ ఊరికి వచ్చినప్పుడు నేను కొత్తమనిషిని చూసినట్టు చూడలేదని మా అమ్మ పోయేదాకా చెప్పుకునేది. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. నేను 21 ఏళ్లు ట్రైనింగులు తీసుకుని కూడా ఆ బుక్కల సంగతి సెంటర్‌కు తీసుకుపోలేదు.

జనవరి ఆఖర్లో సెంటర్‌లో ముందు ఒక పని మార్చాను. అన్నం వేళ రిజిస్టర్ ముట్టను. పిల్లలను గోడకు వరుసగా కాకుండా గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో నేనూ ఆయమ్మా అదే అన్నం, అదే పప్పు పెట్టుకుని తింటాం. ఆయమ్మ మొదట ఇబ్బంది పడింది, గిన్నెలు ఎవరు కడుగుతారు, ఆలస్యం అవుతుంది అని. అవుతుంది. మొదటి వారం ముప్పావుగంట పట్టింది. రెండో వారానికి అరగంట. కింద పోసే అన్నం సగానికి సగం తగ్గింది. తినేటప్పుడు పిల్లలు ఎంత మాట్లాడతారో నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరి ఇంట్లో బర్రె ఈనింది, ఎవరి తాత తాగి పడిపోయాడు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

చిన్నోడికి ఇంకా మూడేళ్లు రాలేదు. రూలు ప్రకారం వాడు సెంటర్‌లో కూర్చుని తినే పిల్లవాడు కాదు, ఇంటికి సరుకు తీసుకుపోయేవాడు. అయినా అక్కతోపాటు పంపమన్నాను. నా తొడ మీద కూర్చోబెట్టుకుని బుక్కల పేర్లు మొదలుపెట్టాను. మూడు రోజులు నోరు తెరవలేదు. నాలుగో రోజు మేక బుక్క అనగానే నోరు తెరిచాడు. అమ్మ బుక్క అనగానే నోరు మూసుకుని మొహం తిప్పుకున్నాడు. నాకు గుండె కలుక్కుమంది. అయినా మానలేదు, రోజూ ఆఖరున ఆ పేరు చెప్పి, వాడు తినకపోతే పక్కన పెట్టేదాన్ని.

అవ్వతో మాట్లాడటం కష్టమైంది. తప్పు నాదే, అంతకుముందు అందరిలో అన్ని మాటలు అన్నాను. ఈసారి ఇంటికి వెళ్లి, కింద కూర్చుని, అవ్వా నేను తప్పుగా మాట్లాడిన అని చెప్పాను. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. పొద్దున ఒక్కసారి, రాత్రి ఒక్కసారి, పిల్లవాడు తినేదాకా పక్కన కూర్చోమన్నాను.

"నాకేడ టైమున్నది టీచరమ్మా? మ్యాకలు ఎవరిడుస్తరు?"

నిజమే కదా. సలహా ఇచ్చేవాళ్లకు మేకలు ఉండవు. చివరికి పక్కింటి ముసలాయన అర్ధగంట ఆలస్యంగా బయలుదేరి అవ్వ మేకలను కూడా కలిపి తోలుకుపోవడానికి ఒప్పుకున్నాడు. ఊళ్లో అడిగితే ఇలాంటివి అవుతాయి. అడగాలని నాకు తోచలేదు అంతే.

ఇంకో సంగతి ఫోన్. రాత్రి తొమ్మిదింటికి పని దిగాక తల్లి పూణె నుంచి వీడియో కాల్ చేసేది. నేను ఒకరోజు ఆ సమయానికి అక్కడే ఉన్నాను. తెరలో తల్లి మొహం కనబడగానే చిన్నోడు ఫోన్ అందుకుని వెనక్కి తిప్పాడు. వెనక అమ్మ లేదు. మళ్లీ ముందుకు తిప్పాడు, ఉంది. మళ్లీ వెనక్కి. తర్వాత ఫోన్ కింద పెట్టేసి తలుపు వెనక్కి పోయి నిలబడ్డాడు. అటు తల్లి "చిన్నా, చిన్నా" అని పిలుస్తూనే ఉంది. రోజూ ఇదే అంట. మాట్లాడడు అని తల్లికి బాధ, పిలిచినకొద్దీ వాడికి బెదురు.

నేను తల్లితో విడిగా మాట్లాడాను. వాణ్ని పిలవొద్దు, ఏడవొద్దు, నువ్వు అక్కడ అన్నం తింటూ కాల్ చెయ్, అవ్వ ఇక్కడ వాడికి పెడుతూ ఉంటుంది అన్నాను. ఫోన్‌ను గూట్లో ఆనించి పెట్టాం. అటు ఆమె తినేది, ఇటు వాడు. ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ పిల్లల నోట్లో అన్నం కుక్కడం నేను ఎప్పుడూ ఒప్పుకోను, ఆ పిల్లలకు తాము ఏం తిన్నారో కూడా తెలియదు. ఇది వేరు. ఇక్కడ ఫోన్‌లో ఉన్నది మనిషి. "అవ్వ పెట్టిన పప్పు ఉప్పగున్నదా చిన్నా?" అని ఆమె అడిగేది. వారం పైన అయ్యాక ఒక రాత్రి వాడు తన బుక్క తీసుకుపోయి ఫోన్ అద్దానికి పూశాడట. పొద్దున అవ్వ ఆ మరక చూపించడానికి ఫోన్ తుడవకుండా నా దగ్గరికి తెచ్చింది.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. వాడు రాత్రి రెండు మూడుసార్లు లేచి కూర్చునేవాడు. తల్లి చీర ఏదైనా ఉందా అని అడిగాను. పెట్టెలో ఉంది, నారాయణపేట నూలుచీర, చిన్న గళ్లది, పెళ్లినాటిది. పాడవుతుందని అవ్వ మడతపెట్టి దాచింది. తీయమంటే మనసొప్పలేదు. తల్లే ఫోన్‌లో చెప్పింది, చీర పోతే పోనీ అత్తమ్మా, వానికి కప్పు అని. ఉతక్కుండా కప్పమన్నాను. ఆ రాత్రి నుంచి వాడు చీర అంచు పిడికిట్లో పట్టుకుని పడుకున్నాడు. వెంటనే ఒళ్లెరగని నిద్ర రాలేదు, కానీ లేచినప్పుడు చీరను తడుముకుని మళ్లీ పడుకునేవాడట.

ఫిబ్రవరిలో 9.9. మార్చిలో 10.3. ఏప్రిల్లో 10.7. చుక్క పసుపులోనే ఉంది, కానీ గీత పైకి తిరిగింది. ఇదంతా ప్రేమ ఒక్కదాని వల్లే అని నేను చెప్పను. ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్ర వేశాం, దగ్గుకు మందు తాగాడు. గుడ్డు లేకుండా ముద్దు చేస్తే పిల్లవాడు పెరగడు. ఆకలితో ఉన్న ఇంట్లో ప్రేమ గురించి పాఠాలు చెప్పడం పాపం. సరుకు ఆగిపోతే నేనే ముందు గొడవ చేస్తాను. కానీ జనవరిలోనూ అదే బాలామృతం, ఏప్రిల్లోనూ అదే.

జమైకాలో చేసిన ఒక పని గురించి కూడా మా అమ్మాయే చెప్పింది, ఇది నాకు ఇంకా దగ్గరిగా అనిపించింది. కింగ్‌స్టన్‌లో పేద బస్తీల్లో వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది చిన్నపిల్లలను తీసుకున్నారు. కొందరికి పాలపొడి లాంటి ఆహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు వారానికోసారి ఒక ఆరోగ్య కార్యకర్త వెళ్లి గంటసేపు కూర్చునేది. ఇంట్లో ఉన్న వాటితోనే బొమ్మలు చేసి, బిడ్డతో ఎట్లా ఆడాలో, ఎట్లా మాట్లాడాలో తల్లికి చూపించేది. కొందరికి రెండూ. కొందరికి ఏదీ లేదు. రెండేళ్లు అంతే. రెండూ అందిన పిల్లల తెలివితేటలు అప్పట్లో అందరికంటే ఎక్కువ మెరుగుపడ్డాయి. అయితే ఏళ్లు గడిచాక కూడా నిలిచింది మాత్రం ఆట, మాట అందిన పిల్లల్లోనే. 22 ఏళ్ల వయసులో వాళ్ల సంపాదన అది అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువని 2014లో తేలింది. ఆ ఇళ్లకు వెళ్లింది పెద్ద డాక్టర్లు కాదు, నా లాంటి ఆడవాళ్లు. ఈ ముక్క నేను మా సెక్టార్ మీటింగ్‌లో నిలబడి చెప్పాను. గొంతు వణికింది, కానీ చెప్పాను.

మా ఊళ్లో మగవాళ్లు పిల్లలను ఎత్తుకోవడం తక్కువ. ఎత్తుకున్నా రోడ్డు మీద షాపుకు తీసుకుపోయి ఐదు రూపాయల ప్యాకెట్టు కొనిస్తే ప్రేమ చూపినట్టే. ఒక్క తాత ఉన్నాడు, రోజూ సాయంత్రం మనవరాలిని అరుగు మీద కూర్చోబెట్టుకుని పల్లీలు వలిచి ఒక్కొక్కటి చేతిలో పెడుతూ ఎద్దుల బేరాల కథలు చెబుతాడు. రెండేళ్ల పిల్లకు ఎద్దుల బేరం ఏం అర్థమవుతుంది? కానీ ఆ పిల్ల మా సెంటర్‌కు వచ్చిన మొదటి రోజే నా చెయ్యి పట్టుకుని నిండు వాక్యాలు మాట్లాడింది.

ఉగాదికి చిన్నోడి అమ్మానాయినలు వచ్చారు. నేను భయపడ్డదే జరిగింది. గేటు దగ్గర తల్లి చేతులు చాచగానే వాడు అవ్వ వెనక్కి పోయి కొంగులో మొహం పెట్టుకున్నాడు. ఆమె బ్యాగు అక్కడే పడేసి మా ఇంటికి వచ్చింది.

"నన్ను మర్సిండా టీచరమ్మా?"

మరవలేదు, కోపంగా ఉన్నాడు, వదిలి పోయావని కోపం, అది మంచిదే అన్నాను. రాత్రి అన్నం వేళదాకా వాణ్ని పట్టుకోకు, ఎప్పటిలాగే కూర్చుని తిను అన్నాను. మరునాడు పొద్దున ఆమె నవ్వుకుంటూ సెంటర్‌కు వచ్చింది. రాత్రి ఆమె గూడు పక్కన కూర్చుని తింటుంటే వాడు అవ్వ తొడ మీద నుంచే చూశాడట. గూట్లోకి చూశాడు, ఫోన్ లేదు. ఆమె వెనక్కి వెళ్లి చూశాడు. వీపు ముట్టుకున్నాడు. మళ్లీ ముందుకొచ్చి మొహం చూశాడు. అట్లా నాలుగైదుసార్లు చుట్టూ తిరిగి, తిరిగి, ఒడిలో కూర్చున్నాడు. ఆమె వాడి నోట్లో పెట్టిన బుక్కకు ఏ పేరూ చెప్పలేదట, తెలియదు కదా ఆమెకు. వాడే నోరు తెరిచే ముందు "అమ్మ బుక్క" అన్నాడట.

మే నెలలో 11 కిలోలు దాటాడు. సంచిలో వేలాడేస్తే ఊరు లేచిపోయేలా ఏడ్చాడు. ముల్లు నిలబడటానికి చాలాసేపు పట్టింది, ఆయమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని ఆగాం.

దీపావళికి ఇంకా ఐదు నెలలు. మేస్త్రి బాకీ ఇంకా 40 వేలు ఉందని, ఈసారి ఆయన ఒక్కడే పోయి నేను ఉండిపోతే తీరుతుందా టీచరమ్మా అని చిన్నోడి తల్లి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్కలు వేశాం, తేలలేదు. ఈ ఏడాది నేను ఒక కొత్త నోట్‌బుక్ పెట్టుకున్నాను, ఆఫీసు అడిగింది కాదు. తల్లిదండ్రులు పోతే ఊళ్లో మిగిలే చిన్నపిల్లలు ఎవరు, అన్నం తినేటప్పుడు వాళ్ల పక్కన కూర్చునేది ఎవరు, ఆ మనిషి పని ఆ అరగంట ఎవరు చూస్తారు. ఇప్పటికి ఏడుగురి పేర్లు రాశాను. ఐదుగురికి పక్క గడి నిండింది. ఒక పాపకు వాళ్ల మేనత్త ఒప్పుకుంది గానీ ఇంకోసారి వెళ్లి మాట్లాడాలి. చిన్నోడి పేరు పక్కన పెన్సిల్‌తో "అమ్మ" అని రాశాను. పెన్నుతో ఇంకా రాయలేదు.